భీముని కొలనులో కదిలిన మెట్టు

రాత్రి తొమ్మిది కావడానికి రెండు నిమిషాలుంది. దోర్నాల చెక్‌పోస్టు ముందు బండ్లు బారు తీరాయి. గిద్దలూరు నుంచి వచ్చిన కారు, దాని వెనక మార్కాపురం జీపు, ఆ వెనక ఇంజన్ ఆపకుండా గుర్రుమంటున్న వ్యాను. వ్యాను డ్రైవర్ తల బయటపెట్టాడు. "సార్, యాభై కిలోమీటర్లే గదా! గంటన్నరలో కొండెక్కేస్తాం." గార్డు వాచీ చూసుకున్నాడు. ముందున్న కారు దాటింది. జీపు దాటింది. వ్యాను ముక్కు ముందు గేటు దిగింది. "ఇంక పొద్దున ఆరుకే సామీ."

ఇక్కణ్ణుంచి శ్రీశైలం దాకా ఘాట్ రోడ్డు ఇక తెల్లారేదాకా పులిది, చిరుతది, ఎలుగుబంటిది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో రాత్రి రాకపోకలు బంద్. మంచి నియమమే. ఆగిపోయిన వ్యానులోంచి ఒక పెద్దాయన దిగి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. గాలిలో ఎండుటాకు వాసన. కొండ వైపు చీకటి తప్ప ఏమీ కనపడదు. "మా తాత కాలానికి ఈ రోడ్డే లేదు. మెట్లెక్కి పోయినాడంట మల్లన్న కాడికి" అన్నాడు పెద్దాయన. టీ కొట్టు కుర్రాడు గ్లాసు కడుగుతూ నవ్వాడు. "అడివిలో మెట్లేంది తాతా?"

ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకటి కదులుతోంది.

*

కొండకు అవతలి మొగం. ఉగాదికి ముందు రోజులు. దోర్నాల నుంచి ఆత్మకూరు రోడ్డు పట్టుకుని బైర్లూటి దాటి పోతే ఆ పక్కకు చేరతాం. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవిలోకి దిగే కాలిబాట అది. ఏటా ఈ రోజుల్లో ఆ బాటలో కనిపించే దృశ్యం ఒకటుంది. మనుషులు మారతారు, ఊళ్లు మారతాయి, దృశ్యం మారదు. కర్ణాటక నుంచి, మహారాష్ట్ర సరిహద్దుల నుంచి జనం బారులు బారులుగా నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్లింటి ఆడపడుచు. మల్లన్న వాళ్ల అల్లుడు. పుట్టింటి సారె అందకుండా పండగ ఎలా జరుగుతుంది? నెత్తిన మూటలో చీర, పసుపు, కుంకుమ. కొందరి కాళ్లకు చెప్పుల్లేవు. కొందరు కర్రలు కట్టుకుని వాటి మీదే నడుస్తారు. నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టి, మఠం బావి దాటి, పెద్దచెరువు గట్టున ఒక కునుకు తీసి మళ్లీ లేస్తారు. ముందుంది అసలు పరీక్ష.

భీముని కొలను. అక్కడ బాట ఉన్నట్టుండి లోయలోకి కుంగిపోతుంది. రెండు పక్కలా కొండ గోడలు. అడుగున వాగు. వాగు దాటితే ఎదురుగా మళ్లీ కొండ. దిగడానికీ మెట్లే, ఎక్కడానికీ మెట్లే. ఆ ఎక్కుడు ముగిసే చోట కైలాస ద్వారం. పాండవులు ఇటు వచ్చినప్పుడు భీముడు గదతో కొట్టి నీళ్లు పుట్టించాడని చెబుతారు. ఉగాది ముందరి ఎండల్లో ఆ కొలనులో మిగిలిన నీళ్ల కంటే ఈ మెట్ల మీద కారే చెమటే ఎక్కువేమో!

ఒకామె దిగుతోంది. అరవై దాటిన మనిషి. కుడి చేత్తో మూట, ఎడమ చేత్తో కర్ర. ఎడమ కాలు ఒక రాతి మీద పెట్టింది. బరువు వేసింది. రాయి డుక్కుమంది. ముందు అంచు కిందికి, వెనక అంచు పైకి. మూట జారింది. "నిధాన అజ్జీ!" వెనకున్న కుర్రాడు రెక్క పట్టుకున్నాడు. కింద వాగు ఒడ్డున నిలబడ్డ చెంచు మనిషి అప్పుడే అరిచాడు. "ఆ రాయి మీద గాదమ్మా! ఈ పక్కన బెట్టు కాలు." ఆమెకు తెలుగు రాదు. ఆ చెయ్యి చూపించిన చోటు మాత్రం అర్థమైంది. కాలు పక్కకు వేసింది. నిలబడింది. ఆమె వెనక ఇంకా వేలమంది ఉన్నారు. అందరి కాళ్లూ ఆ రాతి మీదికే వస్తున్నాయి.

*

1323. ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు దారిలోనే కన్నుమూశాడు. కాకతీయుల నీడన బతికిన నేల అంతా ఒక్కసారిగా ఎండలో పడింది. గుళ్లలో దీపాలు కొండెక్కాయి. బాటలు దొంగల పాలయ్యాయి. యాత్రలు ఆగిపోయాయి. రెండేళ్లు గడిచాయి. 1325లో అద్దంకిలో ఒక రెడ్డి వీరుడు గద్దెనెక్కాడు.

ప్రోలయ వేమారెడ్డి. చుట్టూ శత్రువులు. కోటలు కట్టుకోవాలి, సేన కూర్చుకోవాలి, బొక్కసం నింపుకోవాలి. ఆయన కొలువులో ఎర్రాప్రగడ హరివంశం రాసి ఆయనకే అంకితమిచ్చాడు. 1353 దాకా సాగిన ఆ ఏలుబడిలో యుద్ధాలకు కొదవ లేదు. అయినా ఆయన ఇంకో పని తలకెత్తుకున్నాడు. కోట గోడ కట్టడానికి పనికొచ్చే రాళ్లనూ చేతులనూ అడవిలోకి పంపాడు. శ్రీశైలానికి మెట్లు. అహోబిలానికి మెట్లు.

ఆ పనిని రెడ్డిరాజుల శాసనాలు గెలిచిన యుద్ధంతో సమానంగా పొగుడుతాయి. ఎందరు చేశారు, ఎన్నాళ్లు చేశారు అన్న లెక్క వాటిలో దొరకదు. కానీ పని ఎలా జరిగి ఉంటుందో ఆ మెట్లను వంగి చూసిన వాళ్లకు తెలుస్తుంది. కొండ కింద నుంచి రాళ్లు మోసుకుపోవడం అయ్యే పని కాదు, అక్కడి కొండరాయే గతి, ఆ రాయి ఉలికి ఓ పట్టాన లొంగదు గానీ పొర దొరికితే బల్లగా విడుస్తుంది, కాబట్టి పొర వెతికి, గునపం దూర్చి, పదిమంది మోకు పట్టి లాగి, దుంగల మీద దొర్లించి, వాలులో గుంత తీసి, ఆ గుంతలో రాయి దించి, కింద చిప్పరాళ్లు దట్టించి, దాని మీద ఒక మనిషి ఎక్కి గెంతి చూసి, కదలలేదంటేనే పై రాయికి పోయి ఉంటారు. సున్నం లేదు. గచ్చు లేదు. రాతి బరువుకు రాయే కాపలా. ఆ కాపలా తప్పితే?

అది ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. రెడ్ల రాజధాని అద్దంకి నుంచి కొండవీటికి తరలింది. 1424 ప్రాంతానికి కొండవీటి రాజ్యమే లేకుండా పోయింది. మెట్లు నల్లమల చేతిలో మిగిలాయి. ఇరుగుపొరుగు చెట్ల వేళ్లు వాటిని వెతుక్కుంటూ బయల్దేరాయి.

*

ఇక్కడ కాస్త ఊపిరి తీసుకోవాలి. శ్రీశైలం చుట్టూ నాలుగు ద్వారాలు. దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు ద్వారం ఈ మార్కాపురం సీమదే, త్రిపురాంతకం. కుమారగిరి మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలా త్రిపురసుందరి. కాకతీయుల కాలంలో రాజులూ సామంతులూ వచ్చి శాసనాలు వేయించిన క్షేత్రం. తూర్పు నుంచి వచ్చే యాత్రికుడు ముందు ఇక్కడ తలవంచి, ఆ తర్వాత నల్లమల వైపు తిరిగేవాడు. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఈ సీమ జనానికి శ్రీశైలం పొరుగు జిల్లా క్షేత్రం కాదు, సొంత కొండ. ఊళ్లలో ఇప్పటికీ దాన్ని 'పర్వతం' అనే అంటారు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఏకంగా పర్వత ప్రకరణమే పెట్టాడు. కొండకు పోయే జనసందోహం ఆనాడే అంతటిది.

1794 మార్చిలో కంపెనీ సర్వేయరు కెప్టెన్ కాలిన్ మెకంజీ గుడి ముంగిట నిలబడ్డాడు. ప్రాకారం రాళ్ల మీద చెక్కిన బొమ్మలు చూసి నిలువునా ఆగిపోయాడు. తాను చూసింది రాసి పంపితే కలకత్తాలో ఏషియాటిక్ రిసెర్చెస్ ఐదో సంపుటంలో అచ్చయింది. శీర్షికలో ఆయన వాడిన పేరు కూడా 'పర్వతమే'. ఇంగ్లిషు చదివే లోకానికి ఈ కొండ గురించి తెలిసిన తొలి కబుర్లలో అదొకటి. కానీ ఈ దారిని మజిలీ మజిలీగా తెలుగులో కాగితం మీద పెట్టినవాడు ఇంకా రావాల్సి ఉంది. ముప్పై ఆరేళ్ల తర్వాత వచ్చాడు, ఒక పల్లకిలో.

*

1830 జూన్. ఆత్మకూరు. కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు దారికి అడ్డంగా కూర్చున్నారు. మల్లన్నను చూడాలంటే ముందు సుంకం కట్టాలి. మనిషికింత, గుర్రానికింత. వాళ్ల ఎదుట నిలిచినవాడు మామూలు యాత్రికుడు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. మే 18న మద్రాసులో కాలు బయటపెట్టాడు. పోవాల్సింది కాశీకి. దారిలో ఏ క్షేత్రాన్నీ వదలదలచుకోలేదు. తెల్లదొరల కోర్టులో మాట చెల్లే మనిషికి కూడా ఇక్కడ సుంకం తప్పదు. కట్టాడు. అడవి తెరుచుకుంది.

తొలకరి మేఘాలు. ఉక్క. ఆకుల కింద చిత్తడి. నాగలూటి దాటారు. పెద్దచెరువు దగ్గర చెంచుల గుడిసెలు. ఈ అడవిలో వాళ్ల మాటే దారి. వాళ్లు ముందు, బోయీలు వెనక. ఆ తర్వాత నేల కుంగింది. భీముని కొలను వచ్చింది.

సాపు నేల మీద పల్లకి మోసే బోయీ వేరు, మెట్ల మీద మోసే బోయీ వేరు. దిగేటప్పుడు ముందువాళ్ల భుజాల మీదికి బరువంతా జారుకుంటుంది, ఎక్కేటప్పుడు అదే బరువు వెనకవాళ్ల మెడల మీద పడుతుంది, తడిసిన రాయి పాదాన్ని పట్టుకోదు, పాదం పట్టుకోకపోతే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే బొంగు ఒరుగుతుంది, బొంగు ఒరిగిందంటే లోపల కూర్చున్నవాడు కొండ గోడకో లోయకో తగలాల్సిందే, అందుకే ముందువాడు ప్రతి మెట్టునూ బొటనవేలితో తడిమి, వెనకవాడికి ఒక కూత వేసి, ఆ కూతకు జవాబు వచ్చాకే రెండో కాలు కదుపుతాడు. ఆ చోట ఒక్క మెట్టు డుక్కుమన్నా చాలు. కాశీయాత్ర కథ అక్కడే ముగిసేది.

ముగియలేదు. మెట్లు నిలబడ్డాయి. అప్పటికే అవి దాదాపు 500 ఏళ్ల నాటివి. వీరాస్వామయ్య కొండెక్కాడు, మల్లన్నను చూశాడు, కాశీ దాకా పోయి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన ఉత్తరాలు 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. కాశీయాత్ర చరిత్ర. తెలుగులో యాత్రా సాహిత్యానికి అదే పెద్ద దిక్కు. ఈ దారిని ఇంత ఓపికగా రాసిపెట్టిన మనిషికి మనం రుణపడ్డాం. ఆయన దాటిన మజిలీల పేర్లు ఇవాళ్టికీ అవే: నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను.

1839లో నవాబు ఏలుబడి పోయింది. సుంకం పోయింది. గుడి పెత్తనం చేతులు మారుతూ 1949లో దేవాదాయ శాఖకు చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఘాట్ రోడ్డు పడింది, బస్సు వచ్చింది. ఏడాది పొడుగునా మెట్ల మీద పడే అడుగులు రెండు పండగలకు కుదించుకుపోయాయి. శివరాత్రి, ఉగాది. మిగతా పది నెలలూ అక్కడ ఎవరూ ఉండరు. ఆ పది నెలల్లోనే ఏదో జరుగుతోంది.

*

మళ్లీ ఆ రాయి దగ్గరికి రావాలి. జనం కాస్త పలచబడ్డాక చెంచు మనిషి మెట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎండుటాకులు చేత్తో ఊడ్చాడు. రాతి కింద వేళ్లు దూర్చాడు. ఖాళీ. చిప్పరాళ్లు ఉండాల్సిన చోట వేలి లావు వేరొకటి, దాని వెనక మట్టి కొట్టుకుపోయిన బొరియ.

ఇది ఒక్క రోజులో జరిగిన పని కాదు. మొదట గాలికి ఎగిరొచ్చిన విత్తనం రెండు రాళ్ల సందులో పడుతుంది. మొలక లేస్తుంది. నడిచే కాళ్లుంటే అది అక్కడే నలిగిపోతుంది. కాళ్లు లేవు కాబట్టి వేరు దిగుతుంది. దిగిన వేరు చిప్పరాయిని నెడుతుంది. చిప్ప బయటికి జారుతుంది. ఆషాఢంలో కొండ మీది నీళ్లు మెట్ల వెంటే కాలువ కడతాయి, ఎందుకంటే పక్క కాలువ ఆకులతో పూడిపోయి ఉంటుంది. నీళ్లు ఆ ఖాళీలో దూరి మట్టిని తోడేస్తాయి. ఒక వానాకాలం పోతే రాయి ఊగుతుంది. మరో రెండు పోతే జారుతుంది. కింది రాయి ఆసరా మీద నిలిచేది పై రాయి. ఒకటి జారిందంటే దాని మీది వరస ఒక్కొక్కటే వెనకాలే వస్తుంది. ఆ తర్వాత అక్కడ మెట్లుండవు. రాళ్ల గుట్ట ఉంటుంది.

ఇంకో శత్రువు రెండు కాళ్ల మీద వస్తాడు. గుప్తనిధుల పిచ్చి పట్టినవాడు. నల్లమలలో పాత గుడి కనిపించినా, మంటపం కనిపించినా, బొమ్మ చెక్కిన రాయి కనిపించినా దాని కింద బంగారం ఉందని వాడి నమ్మకం. రాత్రికి రాత్రి తవ్వుతాడు. దొరికేది మట్టి. పోయేది ఏడు శతాబ్దాల పని. వీళ్లను క్షమించడం కష్టం.

చెంచు మనిషి వాగులోకి దిగాడు. అరచేతి మందం రాళ్లు నాలుగు ఏరుకొచ్చాడు. వేరును కత్తితో కోసేశాడు. ఒక రాయి లోపలికి తోశాడు, రెండోది దాని పక్కన, మూడోదాన్ని ఇంకో రాతితో కొట్టి బిగించాడు. నాలుగోది పట్టలేదు. తిప్పి పెట్టాడు. పట్టింది. లేచి రెండు కాళ్లతో మెట్టు మీద నిలబడ్డాడు. గెంతాడు. రాయి పలకలేదు. "ఇంక రమ్మను" అన్నాడు పై వైపు చూసి. జనం దిగారు. కానీ ఆ దిగుడులో ఆయనకు తెలిసిన ఊగే రాళ్లు ఇంకా ఉన్నాయి. చీకటి పడబోతోంది.

*

కొండకు ఇంకో మెట్ల వరుస ఉంది. దాని శత్రువు నీళ్లు. గుడి దగ్గర మొదలై కృష్ణలోకి దిగే పాతాళగంగ మెట్లు. విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయల రాణి విఠలాంబ అక్కడ సోపానాలు కట్టించింది. ఒక రాణి డబ్బు ఖర్చు పెట్టిందంటే అది దేవుడి నగకైనా పోవచ్చు, గోపురానికైనా పోవచ్చు. ఆమె ఆ డబ్బుతో బిందె మోసే మనిషి మోకాలు కాపాడింది. అంత లోతుకు దిగి, నిండు బిందెతో అంత ఎత్తు తిరిగి ఎక్కిన వాళ్లకు తప్ప ఆ ధర్మం విలువ పూర్తిగా తెలియదు.

1963 జులైలో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో జలాశయం నిండడం మొదలైంది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కృష్ణ పైకి ఎక్కింది. కింది మెట్లు నీళ్ల కిందికి పోయాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే మునిగిన మెట్లు కొన్ని ఒండ్రు పూసుకుని బయటపడతాయి, వరద రాగానే మళ్లీ మాయమవుతాయి. ఏటా సాగే ఆట అది. 2009లో ఆట హద్దు దాటింది.

అక్టోబరు 2. ఎగువన ఆగని వాన. కర్నూలు ఇళ్ల మిద్దెల దాకా మునిగింది. పన్నెండు గేట్లూ ఎత్తేశారు. అయినా నీళ్లు పెరుగుతున్నాయి. వచ్చే వరద 25 లక్షల క్యూసెక్కులు. డ్యాం తట్టుకుంటుందని లెక్క వేసింది 20 లక్షల లోపే. 885 దాటింది. 890 దాటింది. పాతాళగంగ దగ్గర పడవలు కట్టేసిన చోటు లేదు, షాపుల మెట్లు లేవు, ఎర్రటి నీళ్లు మెట్టు తర్వాత మెట్టు మింగుతూ గుడి వైపు ఎక్కుతున్నాయి. చివరికి 896.5 అడుగుల దగ్గర ఆగాయి. పూర్తి మట్టం మీద పదకొండున్నర అడుగులు. మెట్టు ఎత్తు అర అడుగు అనుకున్నా ఇరవై మెట్లకు పైనే. విద్యుత్ కేంద్రంలోకి బురద దూరింది. డ్యాం నిలబడింది. నీళ్లు తీసిన తర్వాత రేవు దగ్గర మోకాలి లోతు ఒండ్రు.

ఆ ఒండ్రు తీయడానికి మనుషులు వచ్చారు. అక్కడ రోజూ జనం దిగుతారు, స్నానాలు చేస్తారు, రోప్‌వే ఉంది, రేవు మీద బతికే కుటుంబాలున్నాయి. అడుగు పడే చోటికి పార కూడా వస్తుంది. భీముని కొలనుకు ఏ పార వస్తుంది?

*

చిక్కు ముడి ఇక్కడే ఉంది. నేల అటవీశాఖది. నడిచే భక్తులు దేవస్థానం బాధ్యత. రాయి పాతది, పురావస్తు శాఖ పట్టించుకోవాల్సినది. దారి తెలిసినవాళ్లు చెంచులు. ఈ నలుగురూ ఒక చోట కూర్చుంటే తప్ప మెట్టుకు చిప్పరాయి పడదు. పండగ రోజుల్లో మంచినీళ్ల డ్రమ్ములు, మజ్జిగ, అన్నదానాలు, వైద్య శిబిరాలు అన్నీ ఉంటాయి. దాహంతో వచ్చినవాడికి నీళ్లు దొరుకుతాయి. కాలి కింద రాయి సంగతి అడిగే శిబిరం ఉండదు.

తిరుమలలో అలిపిరి దారికి 3,550 మెట్లు. పైన కప్పు, దీపాలు, అడుగడుగునా కుళాయిలు. అది ఇక్కడ కోరుకోకూడదు. పులి తిరిగే అడవిలో దీపాలు పెట్టడం పాపం. సిమెంటు పూయడం ఇంకా పెద్ద పొరపాటు. సిమెంటు పూసిన మెట్టు కింద నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, నాలుగేళ్లలో సిమెంటు పగిలి రాయిని కూడా వెంటబెట్టుకు పోతుంది. దక్షిణ అమెరికాలో ఇంకాల కొండబాటలు ఆరు దేశాల్లో పరుచుకుని ఉన్నాయి. 2014లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. సున్నం పట్టని రాతి మెట్లు వాటిలోనూ ఉన్నాయి. రాయి పేర్చడం తెలిసిన చేతులు ఆ బాట పక్క ఊళ్లలోనే ఇంకా ఉన్నాయి. మన కొండకూ ఆ చేతులున్నాయి. పెద్దచెరువు గూడెంలో ఉన్నాయి. దోర్నాల, ఎర్రగొండపాలెం చుట్టూ ఉన్న గూడేల్లో ఉన్నాయి. రాతి పొర చూసి గునపం దింపే నేర్పు మార్కాపురం పలకల గనుల్లో తరతరాలుగా ఉంది. ఈ రెండూ ఒక్క చోటికి చేరితే చాలు.

ఇదే నల్లమల కింద వెలిగొండ సొరంగాలు తొలిచారు. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. పశ్చిమ ప్రకాశం గొంతు తడవాలంటే ఆ పని కావాల్సిందే, దశాబ్దాలుగా ఈ నేల ఎదురు చూసింది ఆ నీళ్ల కోసమే. కొండ పొట్టలోంచి అంత దూరం దారి చేయగలిగిన వాళ్లకు కొండ వీపు మీది మెట్లకు చిప్పరాళ్లు దొరకవంటే నమ్మేదెవరు?

కైలాస ద్వారం. రాత్రి. చివరి మెట్టు దాటిన ముసలామె మూట దించింది. మజ్జిగ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. ఎక్కడ ఊగింది, ఎక్కడ జారింది అని ఎవరూ ఆమెను అడగలేదు. అడిగితే చెప్పేది. వెనక వచ్చే వాళ్లంతా చెప్పేవాళ్లు. ఆ దిగుడు, ఆ ఎక్కుడు వాళ్ల మోకాళ్లకు అచ్చంగా తెలుసు. అలా అడిగి రాసుకున్న పుస్తకం ఒక్కటి దేవస్థానం శిబిరంలో ఉంటే, ఉగాది అయిన మర్నాటికి కదిలే ప్రతి రాతి లెక్కా చేతిలో ఉంటుంది.

ఉగాది అయిపోతే బాట ఖాళీ. అక్కణ్ణుంచి తొలకరికి రెండు నెలలకు పైగా గడువు. వాన పడకముందు చెయ్యాల్సిన పని చాలా చిన్నది. అటవీశాఖ అనుమతి, ఒక రేంజ్ అధికారి తోడు, గూడెం మనుషులకు న్యాయమైన కూలి, పగటిపూట మాత్రమే పని. ముందు పక్క కాలువల్లో ఆకులు ఎత్తాలి. తర్వాత భీముని కొలను దిగుడు మెట్లు పై నుంచి కిందికి ఒక్కొక్కటే తొక్కి చూడాలి, ఊగిన దాని కింద వేరు కోసి చిప్ప పెట్టాలి. ఆ తర్వాత ఎదుటి కొండ. ఆ తర్వాత నాగలూటి వైపు మిగిలిన వరసలు. దిగుడుతోనే మొదలుపెట్టాలి. జూన్ వాన ముందు అక్కడే కొడుతుంది.